నీటిపై తేలిన లోహం

ఇంగ్లండు దేశపు నైరుతి కొసన, సముద్రంలోకి చొచ్చుకొనిపోయినట్లుండే సీమ పేరు కార్న్‌వాల్. అక్కడి నేల సేద్యానికి అంతగా అనుకూలమైనది కాదు. కాని దాని గర్భంలో తగరం, రాగి ధాతువులు సమృద్ధిగా ఉండేవి. వేల సంవత్సరాలుగా ఆ సీమవాసులు భూమిని తవ్వి, ఆ ధాతువులను కరిగించి, లోహాలను లోకానికి అందించారు. అటువంటి నేలమీద, పెంజాన్స్ అనే చిన్న రేవు పట్టణంలో 1778 డిసెంబరు 17న హంఫ్రీ డేవీ జన్మించాడు. భూమిని తవ్వి లోహాన్ని తీసే మనుషుల మధ్య పుట్టిన ఆ బాలుడు, పెద్దవాడైన తరువాత, ఎవరూ లోహమని ఊహించని పదార్థాల నుండి లోహాలను వెలికితీశాడు.

తండ్రి రాబర్ట్ డేవీ కొయ్యచెక్కడపు పనివాడు. పనితనం ఉన్నవాడే గాని వ్యవహారదక్షత లేదు. గనుల వ్యాపారంలో డబ్బు పెట్టి నష్టపోయి, 1794లో అప్పులు మిగిల్చి కన్నుమూశాడు. అప్పటికి హంఫ్రీకి పదహారేళ్ళు. ఐదుగురు సంతానంలో అతడే పెద్ద. తల్లి గ్రేస్ ధైర్యం కోల్పోక, ఆడవారి టోపీలు అమ్మే దుకాణం నడిపి కుటుంబాన్ని నెట్టుకువచ్చింది. మరుసటి ఏడు కుమారుడిని బింగమ్ బోర్లేస్ అనే వైద్యుని వద్ద శిష్యుడిగా చేర్పించారు. మందులు నూరడం, గాయాలకు కట్లు కట్టడం అతని పని. బడిలో అంత శ్రద్ధ చూపని ఆ యువకుడు ఇప్పుడు తన చదువుకు తానే ప్రణాళిక వేసుకున్నాడు. భాషలు, గణితం, తర్కం, తత్త్వశాస్త్రం, వైద్యం అన్నీ అందులో ఉన్నాయి. రసాయనశాస్త్రం మాత్రం కాస్త ఆలస్యంగా, 1797 చివర అతని జీవితంలో ప్రవేశించింది. ఫ్రెంచి విప్లవంలో శిరచ్ఛేదానికి గురైన మహాశాస్త్రజ్ఞుడు లవోయిజే వ్రాసిన రసాయన గ్రంథం చేతికి చిక్కడంతో డేవీ మనసు ఇక మరొక వైపు మరలలేదు. ఓడ మునిగి తీరం చేరిన ఒక ఫ్రెంచి వైద్యుడు ఇచ్చిపోయిన పనిముట్ల పెట్టెలోని పిచికారీనే గాలిని తోడే యంత్రంగా మార్చుకొని ప్రయోగాలు చేశాడని చెబుతారు. పరికరాలు లేవని పని ఆపే స్వభావం అతనిది కాదు.

ఆనాడు లోహం అంటే లోకానికి ఏమి తెలుసునో ఇక్కడ కొంచెం తెలుసుకోవాలి. ప్రాచీనులు ఎరిగిన లోహాలు ప్రధానంగా ఏడు: బంగారం, వెండి, రాగి, ఇనుము, తగరం, సీసం, పాదరసం. తరువాతి కాలంలో తుత్తునాగం, ప్లాటినం, నికెల్ వంటివి చేరాయి. వీటన్నింటిలోను కొన్ని సమాన ధర్మాలు కనిపిస్తాయి. గీసి చూస్తే మిలమిల మెరుస్తాయి. సుత్తితో కొడితే పగలక రేకుగా సాగుతాయి. ఈ గుణాన్ని స్తరణీయత అంటారు. లాగితే తీగగా సాగుతాయి, ఇది తాంతవత. తడితే ఖంగుమని మ్రోగుతాయి. వేడిని, విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తాయి. అన్ని లోహాలలోనూ అన్ని గుణాలూ ఒకే మోతాదులో ఉండవు. సీసం మ్రోగదు, పాదరసం సాధారణ ఉష్ణోగ్రత వద్ద ద్రవంగానే ఉంటుంది. అయినా ఒక గుణం విషయంలో మాత్రం ఎవరికీ సందేహం ఉండేది కాదు. లోహం బరువైనది. నీటిలో వేస్తే మునిగిపోతుంది. నీటి సాంద్రత 1 అనుకొంటే ఇనుముది 7.9, సీసానిది 11.3, పాదరసానిది 13.6, బంగారానిది 19.3. బరువు లేని లోహం అన్నది తియ్యదనం లేని తేనె వంటి మాట.

లవోయిజే తన గ్రంథంలో మూలకాల పట్టిక ఒకటి ఇచ్చాడు. మరొక పదార్థంగా విడగొట్టడానికి వీలుకానిదే మూలకమని అతని నిర్ణయం. ఆ పట్టికలో సున్నం, మెగ్నీషియా వంటి మట్టిజాతి పదార్థాలు కూడా ఉన్నాయి. అయితే అవి నిజమైన మూలకాలు కాకపోవచ్చునని, ఏవో తెలియని లోహాలు ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడినవి కావచ్చునని అతడే అనుమానించాడు. కట్టెల బూడిద నుండి వచ్చే పొటాష్‌ను, సోడాను పట్టికలో చేర్చనే లేదు. అవి సంయోగ పదార్థాలేనని అతని నమ్మకం. విడగొట్టే దారి మాత్రం దొరకలేదు. మన పల్లెల్లో ఒకప్పుడు బట్టలు ఉతకడానికి వాడిన చవుడులో ఉన్నది ఆ సోడాజాతి లవణమే. ఇంత సామాన్యమైన వస్తువులో లోహం దాగి ఉందంటే ఎవరు నమ్ముతారు?

1798 అక్టోబరులో డేవీ పెంజాన్స్‌ను వదలి బ్రిస్టల్ నగరం చేరాడు. అక్కడ డాక్టర్ థామస్ బెడ్డోస్, వాయువులతో రోగాలు నయం చేయవచ్చునన్న ఆశతో ఒక సంస్థను నెలకొల్పాడు. దాని ప్రయోగశాల బాధ్యత ఇరవై ఏళ్ళైనా నిండని డేవీకి అప్పగించాడు. వాయువుల గుణం తెలియాలంటే పీల్చి చూడడమే మార్గమని డేవీ భావించాడు. నైట్రస్ ఆక్సైడును పీల్చినప్పుడు నవ్వు, ఉల్లాసం, ఒక విధమైన మత్తు కలిగాయి. కార్బన్ మోనాక్సైడు కలిసిన మరొక వాయువును పీల్చి దాదాపు ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఈ సాహసాన్ని మెచ్చుకోవాలో మందలించాలో చెప్పడం కష్టం. 1800లో ప్రచురించిన గ్రంథంలో, నైట్రస్ ఆక్సైడు నొప్పిని హరిస్తుంది కనుక శస్త్రచికిత్సలో ఉపయోగపడవచ్చునని అతడు సూచించాడు. ఆ వాక్యాన్ని వైద్యలోకం పట్టించుకోలేదు. అమెరికాలో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఆ వాయువును ప్రయోగించేనాటికి 1844 వచ్చింది. నడిమి నలభై నాలుగేళ్ళలో కత్తిపోటు బాధను మెలకువతోనే అనుభవించిన రోగులు ఎందరో!

అదే 1800లో ఇటలీ నుండి ఒక వార్త వచ్చింది. అలెస్సాండ్రో వోల్టా అనే శాస్త్రజ్ఞుడు వెండి, తుత్తునాగపు బిళ్ళలను ఒకదానిపై ఒకటి పేర్చి, వాటి మధ్య ఉప్పునీటిలో తడిపిన గుడ్డముక్కలుంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహాన్ని పుట్టించాడు. ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు వెంటనే ఆ విద్యుత్తును నీటిలోకి పంపి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టారు. నిప్పు చేయలేని పనిని విద్యుత్తు చేయగలదన్న సంగతి డేవీకి స్ఫురించింది. లవోయిజే ఎదుట మూసి ఉన్న తలుపుకు తాళంచెవి ఇదేనేమోనన్న ఊహ అతడిని వదలలేదు.

1801లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ డేవీని ఆహ్వానించింది. సంస్థ స్థాపించి అప్పటికి రెండేళ్ళే అయింది. పల్లెటూరి యాస, చిన్న ఆకారం చూసి నిర్వాహకులు మొదట పెదవి విరిచారు. ఉపన్యాసం వినగానే వారి అభిప్రాయం మారిపోయింది. విషయాన్ని ప్రయోగంతో కళ్ళకు కట్టించి, కవితాత్మకమైన మాటలతో చెవులకు విందు చేసే అతని ప్రసంగాలకు ప్రభువులు, స్త్రీలు, విద్యార్థులు తండోపతండాలుగా వచ్చేవారు. గుర్రపుబగ్గీల రద్దీ తట్టుకోలేక ఆల్బెమార్ల్ వీధిని ఒకే దిశలో వెళ్ళే మార్గంగా చేయవలసి వచ్చిందంటారు. కవి కోల్‌రిడ్జ్ తన కవిత్వానికి కొత్త ఉపమానాలు ఏరుకోవడానికి అక్కడికి వెళ్ళేవాడు. ఉపన్యాసాల నడుమ డేవీ తోళ్ళు ఊనే విధానాన్ని, వ్యవసాయ రసాయనాన్ని కూడా పరిశోధించాడు. కాని మనసంతా విద్యుత్తు మీదనే. పదార్థాలను కలిపి ఉంచే రసాయనశక్తి, విద్యుచ్ఛక్తి వేరువేరు కావని 1806లో రాయల్ సొసైటీలో చేసిన ఉపన్యాసంలో ప్రతిపాదించాడు. ఫ్రాన్సు, ఇంగ్లండు అప్పుడు ఘోరమైన యుద్ధంలో ఉన్నాయి. అయినప్పటికీ ఆ పరిశోధనకు ఫ్రాన్సు విజ్ఞాన సంస్థ బహుమతిని ప్రకటించింది. శత్రుదేశపు బహుమానం స్వీకరించరాదని కొందరు గొణిగినా, పోరు ప్రభుత్వాల మధ్యనే గాని శాస్త్రజ్ఞుల మధ్య కాదన్న భావంతో డేవీ దానిని అంగీకరించాడు.

1807 అక్టోబరు వచ్చింది. సంస్థ నేలమాళిగలోని ప్రయోగశాలలో డేవీ తనకున్న బ్యాటరీలన్నింటినీ సిద్ధం చేశాడు. ఆరంగుళాల రాగి, తుత్తునాగపు పలకలు వంద, నాలుగంగుళాలవి నూట యాభై ఉన్నాయి. మొదట పొటాష్‌ను నీటిలో కరిగించి విద్యుత్తును పంపాడు. నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వచ్చాయి. పొటాష్ మాత్రం చెక్కుచెదరలేదు. నీరే అడ్డుపడుతున్నదని గ్రహించి, పొడి పొటాష్‌ను ప్లాటినపు చెంచాలో నిప్పుమీద కరిగించి విద్యుత్తును పంపాడు. ఒక మంట రగిలింది. ఏదో పుడుతున్నది, పుట్టిన క్షణంలోనే కాలిపోతున్నది. దానిని పట్టుకోవడం ఎట్లా? పూర్తిగా పొడిగా ఉన్న పొటాష్ విద్యుత్తును ప్రసరింపనివ్వదు. నీటిలో కరిగితే నీరు పనిని చెడగొడుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న ఇరుకుదారిని డేవీ కనిపెట్టాడు. పొటాష్ ముక్కను కొన్ని క్షణాలు గాలికి పెట్టాడు. గాలిలోని తేమను పీల్చి దాని పైపొర మాత్రం చెమ్మగిల్లింది. దానిని ప్లాటినపు పళ్ళెంలో ఉంచి, పళ్ళేన్ని బ్యాటరీ రుణధ్రువానికి, పైనుండి తాకిన ప్లాటినపు తీగను ధనధ్రువానికి కలిపాడు.

పొటాష్ రెండు చోట్లా కరగసాగింది. పైభాగాన బుడగలు పొంగాయి. అడుగున పాదరసపు బిందువుల వలె మెరిసే చిన్నచిన్న గోళికలు ప్రత్యక్షమయ్యాయి. కొన్ని పుట్టగానే చిటపటమని పేలి మండిపోయాయి. మరికొన్ని మిగిలి, చూస్తూ ఉండగానే తళుకు కోల్పోయి తెల్లని పొర కప్పుకున్నాయి. ప్రక్కన సహాయకుడిగా ఉన్నది అతని దాయాది ఎడ్మండ్ డేవీ. ఆ గోళికలు పొటాష్ పొరను చీల్చుకొని వచ్చి గాలి తగలగానే మండడం చూసి హంఫ్రీ ఆనందం పట్టలేక గదంతా గంతులు వేశాడని, మళ్ళీ పని కొనసాగించడానికి కుదుటపడేందుకు కొంత సమయం పట్టిందని ఎడ్మండ్ తరువాత తెలియజేశాడు. మరికొన్ని రోజులలోనే సోడా కూడా లొంగింది. దాని నుండి మరొక మెరిసే పదార్థం వచ్చింది.

ఈ కొత్త పదార్థం ప్రవర్తన విచిత్రంగా ఉంది. కత్తితో వెన్న ముద్దను కోసినట్లు కోయవచ్చు. నీటిలో వేస్తే మునగదు. తేలుతూ, బుసలు కొడుతూ ఇటూ అటూ పరుగెత్తి, ఊదారంగు మంటతో కాలిపోతుంది. మంచుగడ్డ మీద ఉంచినా మండి, మంచులో గుంట చేస్తుంది. గాలి తగిలినా, తేమ తగిలినా రూపు మార్చుకొనే దీనిని నిలవచేయడం ఎట్లాగో తెలియక డేవీ ఎన్నో ద్రవాలను పరీక్షించాడు. చివరకు ఆక్సిజన్ లేని నాఫ్తా అనే నూనెలో అది క్షేమంగా ఉంటుందని తేలింది. నేటికీ కళాశాల ప్రయోగశాలల్లో సోడియం ముక్కను కిరోసిన్‌లో ఉంచుతారు. అందుకు కారణం ఇదే.

ఇక అసలు ప్రశ్న ఎదురయింది. దీనిని లోహం అనవచ్చునా? నీటికంటె తేలికైనది, మైనంలా మెత్తనిది, నీటి తాకిడికే మండేది. ఇనుము, బంగారాల సరసన దీనిని ఎవరు కూర్చోబెడతారు? డేవీ ఈ ప్రశ్నను దాటవేయలేదు. లోహాల లక్షణాలను ఒక్కొక్కటిగా తీసుకొని దీనికి పరీక్ష పెట్టాడు. తాజాగా కోసిన ముఖం వెండిలా మెరుస్తున్నది. అదిమితే రేకుగా సాగుతున్నది. వేడిని, విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తున్నది. పాదరసంతో కలిసి మిశ్రమంగా మారుతున్నది. ఆక్సిజన్‌తో కలిసినప్పుడు, ఇతర లోహాలవలెనే, ఒక భస్మాన్ని ఇస్తున్నది. లేనిదల్లా బరువు ఒక్కటే. తెలిసిన లోహాలలో మాత్రం బరువు సమానంగా ఉందా? ప్లాటినం సాంద్రత 21కి మించినది, టెల్యూరియానిది 6కు అటూ ఇటూ. ఇంత అంతరాన్ని సహించినవారు మరికొంత అంతరాన్ని ఎందుకు సహించరాదు? కనుక బరువు లోహానికి ప్రాణలక్షణం కాదు, అలవాటు వల్ల మనం అంటగట్టిన లక్షణం. ఈ విధంగా వాదించి, లోహాల పేర్లకు చివర ఉండే ప్రత్యయాన్ని చేర్చి, వాటికి పొటాషియం, సోడియం అని నామకరణం చేశాడు. ఒక లోహాన్ని కనుగొనడం గొప్పదే. లోహం అన్న మాటకు అర్థాన్నే సరిదిద్దడం అంతకంటె గొప్పది.

అందరూ వెంటనే ఒప్పుకోలేదు. ఫ్రాన్సులో గే-లుసాక్, థెనార్ అనే ప్రముఖులు ఇనుముతో పొటాష్‌ను తీవ్రంగా వేడిచేసి మరింత ఎక్కువ పొటాషియం తయారుచేశారు గాని, అది పొటాష్, హైడ్రోజన్‌ల కలయిక కావచ్చునని కొంతకాలం వాదించారు. ప్రయోగాలు పెరిగిన కొద్దీ డేవీ మాటే నిలిచింది. కారణం మాత్రం అతని తరంలో ఎవరికీ తెలియలేదు. 1897లో ఎలక్ట్రాన్‌ను కనుగొన్న తరువాత, లోహంలోని పరమాణువులు తమ వెలుపలి ఎలక్ట్రాన్లలో కొన్నింటిని వదలివేస్తాయని, అవి లోహమంతటా స్వేచ్ఛగా సంచరిస్తాయని శాస్త్రజ్ఞులు గ్రహించారు. విద్యుత్తును, వేడిని మోసేవి అవే. పడిన కాంతిని తిప్పికొట్టి మెరుపునిచ్చేవి అవే. సుత్తి దెబ్బకు పరమాణువుల వరుసలు జరిగినా బంధం తెగకుండా కాపాడేవీ అవే. పొటాషియంలో ఒక్కొక్క పరమాణువు ఈ ఉమ్మడి నిధికి ఇచ్చేది ఒక్క ఎలక్ట్రాన్‌నే. పైగా ఆ పరమాణువు పెద్దది. అందువల్ల బంధం బలహీనం. అందుకే అది మెత్తగా ఉంటుంది, 63.5 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. దాని సాంద్రత 0.86 మాత్రమే. సోడియం 0.97. డేవీ చేతిలో ఉన్నవి చిన్న చిన్న గోళికలు కనుక అతడు కట్టిన లెక్క ఇంతకంటె తక్కువగా వచ్చింది.

ఈ విషయాలను 1807 నవంబరు 19న రాయల్ సొసైటీ ముందుంచాడు. నాలుగు రోజులకే మంచం పట్టాడు. న్యూగేట్ చెరసాలలో గాలి శుభ్రపరచే ఉపాయం చెప్పడానికి వెళ్ళి అక్కడి విషజ్వరం తెచ్చుకున్నాడని కొందరన్నారు. రాత్రింబవళ్ళు శ్రమించి శరీరాన్ని కృశింపజేసుకున్నాడని వైద్యులు భావించారు. కొన్ని వారాలపాటు ప్రాణం నిలుస్తుందా లేదా అన్న స్థితి. అతని ఆరోగ్యం ఎట్లా ఉందో తెలుసుకోవాలని జనం సంస్థ ద్వారం వద్దకు వచ్చేవారు. కోలుకొని మళ్ళీ ఉపన్యాసపీఠం ఎక్కేసరికి 1808 వసంతం వచ్చింది. అదే సంవత్సరం సున్నం మొదలైన వాటిని కూడా సాధించాడు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ తెలిపిన ప్రకారం పాదరసాన్ని సాయంగా తీసుకొని కాల్షియం, బేరియం, స్ట్రాన్షియం, మెగ్నీషియం లోహాలను వెలికితీశాడు. ఏడాది తిరగకుండా ఒకే వ్యక్తి ఆరు లోహాలు! పటికలో ఉన్న లోహం మాత్రం అతనికి చిక్కలేదు. చిక్కకముందే దానికి పేరు పెట్టాడు. అదే నేటి అల్యూమినియం. 1810లో, సంయోగ పదార్థమని అందరూ అనుకుంటున్న ఒక ఆకుపచ్చని వాయువు మూలకమేనని నిరూపించి, క్లోరిన్ అని పేరు పెట్టినవాడు కూడా డేవీయే.

1812లో అతనికి నైట్‌హుడ్ లభించింది. మూడు రోజులకు జేన్ ఆప్రీస్ అనే సంపన్న వితంతువును వివాహమాడాడు. దాంపత్యం సుఖంగా సాగలేదు. ఆ ఏడే ఒక పేలుడులో కన్ను గాయపడి, వ్రాసిపెట్టే సహాయకుడు అవసరమయ్యాడు. కమ్మరి కుమారుడు, పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పనిచేసిన మైకేల్ ఫారడే అనే యువకుడు డేవీ ఉపన్యాసాలు విని, వాటిని శ్రద్ధగా వ్రాసి, అట్టకట్టి పంపాడు. 1813లో అతనికి ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. అదే ఏడు నెపోలియన్ అనుమతిపత్రంతో డేవీ దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరగా ఫారడే వెంట వెళ్ళాడు. పారిస్‌లో అయొడిన్ మూలకమని తేల్చడం, ఫ్లోరెన్స్‌లో పెద్ద కటకంతో ఎండను కేంద్రీకరించి వజ్రాన్ని కాల్చి అది కేవలం కార్బనమేనని నిరూపించడం ఫారడే కళ్ళారా చూశాడు. డేవీ భార్య అతడిని సేవకుడిగా చూసిన అవమానాలనూ సహించాడు. గనుల దేశపు బిడ్డకు దొరికిన అన్నింటికంటె విలువైన నిక్షేపం ఫారడేయే అని తరువాతి లోకం భావించింది.

యాత్ర నుండి తిరిగివచ్చిన డేవీకి 1815లో ఒక పిలుపు అందింది. ఇంగ్లండు ఈశాన్యాన బొగ్గుగనులు ఉన్నాయి. వాటిలో ఊరే మండేవాయువుకు దీపపు మంట తగిలి ఘోరమైన పేలుళ్ళు సంభవించేవి. 1812 మే 25న ఫెల్లింగ్ గనిలో 92 మంది మరణించారు. మృతులలో పసివారు కూడా ఉన్నారు. దీపం లేకపోతే గనిలో చీకటి. దీపం ఉంటే చావు. పెద్దవారి ఆహ్వానంపై డేవీ గనులు చూసి, ఆ వాయువును సీసాలలో లండన్‌కు తెప్పించుకొని పరీక్షించాడు. ఆ వాయువు అంటుకోవడానికి చాలా ఎక్కువ వేడి కావాలని, సన్నని లోహపు గొట్టాల గుండా మంట దాటలేదని గమనించాడు. ఎందుకు దాటదు? లోహం ఉత్తమ ఉష్ణవాహకం. మంటలోని వేడిని అది క్షణంలో గ్రహించి తన దేహమంతా పంచివేస్తుంది. వేడి చాలని మంట ఆరిపోతుంది. గొట్టం అవసరం కూడా లేదు, సన్నని తీగల జల్లెడ చాలు. చదరపు అంగుళానికి 784 రంధ్రాలున్న ఇనుపతీగల జాలితో దీపం చుట్టూ తొడుగు చేశాడు. గాలి లోపలికి వస్తుంది, వెలుగు బయటికి పోతుంది, మంట మాత్రం లోపలనే బందీ. 1816 జనవరిలో హెబ్బర్న్ గనిలో దీనిని పరీక్షించి చూశారు. లోహాల లక్షణాలలో మనం పాఠంగా వల్లించే ఉష్ణవాహకత్వం మనిషి ప్రాణానికి అడ్డుగోడగా నిలిచింది.

పేటెంటు తీసుకుంటే పెద్ద సంపద సమకూరేది. డేవీ తీసుకోలేదు. అయితే కీర్తి విషయంలో అంత ఉదారంగా ఉండలేకపోయాడు. గని యంత్రాల పనివాడు, తరువాత రైలుబండ్ల నిర్మాతగా ప్రసిద్ధికెక్కిన జార్జ్ స్టీఫెన్సన్ అదే కాలంలో సొంతంగా మరొక రక్షకదీపం తయారుచేసి, 1815 అక్టోబరులోనే గనిలో పరీక్షించాడు. చదువులేని కార్మికుడు తనంతట తాను ఇట్టి దీపాన్ని చేయగలడని డేవీ నమ్మలేదు. తన ఆలోచనను దొంగిలించాడని నిందించాడు. ఈ నింద న్యాయమైనది కాదు. వైద్యుని వద్ద మందులు నూరి, పిచికారీతో ప్రయోగాలు చేసి పైకివచ్చినవాడు మరొకరి స్వయంకృషిని శంకించడం విచారకరం. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. దీపం వచ్చిందన్న ధైర్యంతో యజమానులు అంతకుముందు ప్రమాదమని విడిచిపెట్టిన లోతైన పొరలలోకి కార్మికులను దింపారు. అందువల్ల పేలుళ్ళు ఆశించినంతగా తగ్గలేదు.

1820లో డేవీ రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. ఆ కాలంలోనే ఫారడే స్వతంత్రంగా ఎదగసాగాడు. దక్షిణ భారతదేశం నుండి వెళ్ళిన ఊట్జ్ ఉక్కును 1819లో అతడు రసాయన పరీక్షకు గురిచేసి, దాని రహస్యం తెలుసుకోవాలని ప్రయత్నించాడు. అటువంటి ఉక్కును తయారుచేసిన గ్రామాలలో తెలంగాణలోని కోనసముద్రం ఒకటి. విద్యుత్తుతో నిరంతర భ్రమణాన్ని 1821లో సాధించి ఫారడే పేరు పొందాడు. 1824లో అతడిని రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకొనే సందర్భం వచ్చినప్పుడు గురువే వ్యతిరేకించాడు. ఫారడే ఒక్క ప్రతికూల ఓటుతో ఎన్నికయ్యాడు. గురువుపై గౌరవాన్ని మాత్రం శిష్యుడు ఎన్నడూ వదలలేదు.

డేవీ చివరి పెద్ద ప్రయత్నం నౌకలకు సంబంధించినది. కొయ్యనౌకల అడుగున పురుగులు, నాచు పట్టకుండా రాగిరేకులు తాపడం చేసేవారు. ఉప్పునీటిలో ఆ రేకులు తినివేయబడి, కొద్దికాలానికే చిల్లులు పడేవి. 1823లో నౌకాదళం ఈ సమస్యను అతని ముందుంచింది. రెండు లోహాలు ఉప్పునీటిలో కలిసి ఉన్నప్పుడు, ఎక్కువ చురుకైన లోహం తాను తరిగిపోతూ రెండవదానిని కాపాడుతుందని అతనికి తెలుసు. రాగికి అక్కడక్కడ తుత్తునాగం లేదా పోత ఇనుము ముక్కలను అతికించమన్నాడు. ప్రయోగశాలలో ఫలితం అద్భుతం. సముద్రంలో రాగి నిజంగానే చెక్కుచెదరలేదు. కాని మరొక చిక్కు వచ్చిపడింది. రాగి కొద్దికొద్దిగా కరిగి నీటిలో కలవడమే ఆ జలజీవులకు విషం. రాగి కరగడం ఆగగానే నాచు, నత్తగుల్లలు గుంపులుగా అడుగున పట్టుకొని నౌకల వేగాన్ని తగ్గించాయి. 1825లో నౌకాదళం ఆ ముక్కలను తొలగించమని ఉత్తరువిచ్చింది. పత్రికలు ఎగతాళి చేశాయి. డేవీ ఈ అవమానాన్ని జీర్ణించుకోలేకపోయాడు. నిజానికి అతని సూత్రంలో లోపం లేదు. భూగర్భంలోని చమురు గొట్టాలను, ఉక్కు నౌకలను త్రుప్పు నుండి ఈనాడు కాపాడుతున్నది ఆ సూత్రమే.

1826 చివర అతనికి పక్షవాతం సోకింది. మరుసటి సంవత్సరం అధ్యక్షపదవికి రాజీనామా చేసి, ఎండ తగిలే దేశాలకు ఆరోగ్యం కోసం బయలుదేరాడు. కుడిచేయి సరిగా పనిచేయకపోయినా వ్రాత మానలేదు. చేపలు పట్టడం గురించి ఒక పుస్తకం, యాత్రలలో కలిగిన తాత్త్విక చింతన మరొక పుస్తకం ఆ దశలోనివే. రోమ్‌లో మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. మాల్టాలో సైనికవైద్యుడిగా ఉన్న తమ్ముడు జాన్, లండన్ నుండి భార్య జేన్ వచ్చి చేరారు. నెమ్మదిగా ప్రయాణం చేసి జెనీవా చేరిన రాత్రి గడిచేలోపే, 1829 మే 29న డేవీ మరణించాడు. వయస్సు యాభై. అక్కడి ప్లేన్‌పలే శ్మశానంలోనే ఖననం చేశారు.

రక్షకదీపానికి కృతజ్ఞతగా బొగ్గుగనుల యజమానులు 1817లో అతనికి వెండి భోజనపాత్రల సమూహాన్ని బహూకరించి ఉన్నారు. భార్య, తమ్ముడు జీవించి ఉన్నంతకాలం అవి వారి వద్ద ఉండాలని, ఆ తరువాత వాటిని కరిగించి, వచ్చిన ధనంతో రసాయనశాస్త్రంలో ఉత్తమ పరిశోధనకు పతకం నెలకొల్పాలని డేవీ వీలునామాలో కోరాడు. ఆ డేవీ పతకాన్ని మొట్టమొదటిసారిగా 1877లో జర్మనీకి చెందిన బున్సెన్, కిర్కాఫ్ అనే శాస్త్రజ్ఞులకు ఇచ్చారు. మంట వెలుగును పట్టకంతో విడగొట్టి, దాని రంగుల గీతలను బట్టి పదార్థాలను గుర్తించే పద్ధతిని కనిపెట్టినవారు వారు. ఆ పద్ధతితో వారు 1860లో సీజియాన్ని, 1861లో రుబీడియాన్ని కనుగొన్నారు. ఆ రెండూ మెత్తని లోహాలే, నీరు తగిలితే మండే లోహాలే, పొటాషియం కుటుంబానికి చెందినవే.